లక్సెట్టిపేట పచ్చబండి

పదో రోజు మధ్యాహ్నం రెండు దాటినా పిట్ట ముట్టలేదు.

మా బోరు పక్కన, కోసేసిన మక్క చేను గట్టు మీద, మోదుగాకు విస్తరిలో, పోయిన మా ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. మటన్ కూర, జొన్నరొట్టె, ఉడికించిన గుడ్లు, పల్లీల తొక్కు, ఒక సిగరెట్ పెట్టె. పోయినవాళ్లు కాకై వచ్చి తింటారని, తినకపోతే మనసులో ఏదో మిగిలిపోయిందని మా వైపు నమ్మకం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వెళ్లి, నీ ఫలానా పని మేం చేస్తామని మాట ఇవ్వాలి. సరైన మాట పడగానే కాకి దిగుతుంది.

కాకులు ఉన్నాయి. ఎదురుగా తుమ్మచెట్టు మీద మూడు కూర్చున్నాయి. దిగడం లేదు.

మాకు పిల్లలు లేరు కాబట్టి కర్మ అంతా మా మరిది లింగారావే చేస్తున్నాడు. తడి ధోవతితో పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడు. ప్రహరీ గోడ పూర్తి చేయిస్తానన్నాడు. కాకి కదలలేదు. మా ఆయన మేనత్త లీలాబాయి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషి, వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కింది. కాకి తల తిప్పింది, అంతే. పాలేరు కొమురెల్లి, ఎడ్లను కన్నబిడ్డల్లా చూసుకుంటానన్నాడు.

తర్వాత అందరూ నా వైపు చూశారు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. తెలిసింది నాకొక్కదానికే అనుకున్నాను. ఆస్పత్రిలో రెండో రోజు సాయంత్రం, గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆయన కళ్లు మూసుకునే మాట్లాడాడు. "నేను పోతే నువ్వు కరీంనగర్ పోతవ్ దేవకీ." అడిగినట్టు లేదు, తెలిసినట్టు ఉంది. కాసేపాగి, "పోకు. ఇంట్ల ఉండు" అన్నాడు. నేను గ్లూకోజు సీసాలో పడుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చున్నాను. ఔననలేదు. కాదనీ అనలేదు. ఇంతలో నర్సు వచ్చింది. మరుసటి రోజు తెల్లవారేసరికి ఆయన లేడు.

కరీంనగర్‌లో, మంకమ్మతోటలో, మా నాన్న నాకిచ్చిన మూడు గదుల ఇల్లుంది. మా బంధువుల్లో పల్లెల్లో ఉన్నవాళ్లంతా గత పదేళ్లలో ఇళ్లకు తాళాలు వేసి పట్నం చేరారు. మేం చేరలేదు. ఆయనకు ఇష్టం లేదు. నేను అడగడం ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు. ఆ ఇంట్లో ఏం చేస్తానని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అక్కడ ఉండాలి. అంతవరకే ఆలోచించగలిగాను.

గట్టు మీద నిలబడి నోరు తెరవలేదు. పెదవులు కూడా కదపలేదు. లీలాబాయి దగ్గింది.

అప్పుడు లింగారావు రెండు చేతులు జోడించాడు. "అన్నా, లక్సెట్టిపేటల నువ్వు చూసొచ్చిన జపాన్ బండి ఉన్నది గద. అది కొంటం. తెచ్చి ఇంటి ముంగట నిలవెడ్తం. ఇగ రా."

కాకి దిగింది. నేరుగా విస్తరి మీదికే వచ్చింది, గుడ్డు ముక్కను ముక్కున కరుచుకుంది. ఆడవాళ్లు ఏడ్చారు. లింగారావు అక్కడే కూలబడి పిల్లవాడిలా ఏడ్చాడు.

నేను చూసింది వేరు. డ్రైవరు హనుమండ్లు అప్పటిదాకా విస్తరికి దగ్గర్లోనే నిలబడి ఉన్నాడు. దూరం జరగమని ఎవరూ చెప్పలేదు. లింగారావు చేతులు జోడించిన సమయానికే అతను బీడీ కోసం జేబు తడుముకుంటూ బోరు గది వెనక్కి వెళ్లాడు. కాకి చూసింది అతని వీపును. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

జపాన్ బండి సంగతి మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. కాలువ పనికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు పోతూ పోతూ అమ్మేసిన బండ్లను లక్సెట్టిపేటలో కలప కోసే ఒక సామిల్లు ఓనరు కొని పెట్టుకున్నాడు. అంతకుముందు చలికాలంలో ఆయన ఒకసారి చూసి వచ్చి, నెల రోజులు అన్నం దగ్గర అదే మాట్లాడాడు. గుట్టలెక్కుతుందట, వాగుల్లో దిగుతుందట, నాలుగు చక్రాలకూ బలం ఉంటుందట. లోపల మాత్రం హైదరాబాద్‌లో పెద్దవాళ్ల డ్రాయింగు రూమట. మఖమల్ సీట్లు, చల్లగాలి మిషను, క్యాసెట్లు పెట్టే డబ్బా. పచ్చ రంగు, వెనక తలుపుకు బిగించిన చక్రం. "మరి కొను" అన్నాను ఒకరోజు. "మనకెందుకు, ఉత్తగ చెప్తున్న" అన్నాడు.

ఆ సాయంత్రం స్నానాలయ్యాక లీలాబాయి నా పక్కన చాప మీద కూర్చుంది.

"నువ్వేమనలే" అంది.

"ఏమనాలె అత్తా?"

"నాకేం ఎరుక. నీకూ వానికీ నడుమ ఏమున్నదో. లింగడు బండి పేరు తీసిండు కాబట్టి మాట ఆడికి ఆగింది. రేపు బండి రాలేదనుకో, సంవత్సరీకం నాడు పిట్ట మల్ల చెట్టు మీదనే కూసుంటది. అప్పుడు నిన్ను ఇడిసిపెట్టరు."

"ఎవరు?"

"ఎవరేంది, నేనే ఇడిసిపెట్ట" అంది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

నేను హైదరాబాద్‌లో బి.ఏ. చదివాను. కాకిలో మనిషి ఉంటాడని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ మా ఇంట్లో తక్కినవాళ్లంతా నమ్ముతారు, అందరికంటే ఎక్కువగా లింగారావు నమ్ముతాడు. ఆ గట్టు మీద, ఇరవై మంది ముందు, నన్ను మళ్లీ నిలబెడితే నేను మళ్లీ నోరు మూసుకోగలనా అన్నది నా ప్రశ్న. మూసుకోగలనని అనిపించలేదు. ఔనంటాను. అన్నాక ఉండిపోతాను. కాబట్టి బండి రావాలి.

నెలలు గడిచాయి. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాను, తర్వాత చూడటం మానేశాను. పాలు పొంగేముందు దించేదాన్ని. బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని. పనిమనిషి పోశవ్వ తోమిన గిన్నెల్ని మళ్లీ కడిగేదాన్ని, అవి శుభ్రంగా ఉన్నా సరే. రాత్రి గొళ్లెం పెట్టానా లేదా అని లేచి రెండోసారి చూసేదాన్ని. నా చేతులు ఎవరివో నేను అద్దెకు తెచ్చుకున్నట్టు ఉండేది. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా నాలుకకు తెలిసేది, కానీ దాంతో నాకు నిమిత్తం ఉండేది కాదు.

లింగారావు బండి పత్తి తీసినాక కొందామన్నాడు, తర్వాత వరి కోసినాక అన్నాడు. తొమ్మిదో నెలలో ఒకరోజు వరండాలో కూర్చుని గోళ్లు తీసుకుంటూ అసలు మాట అన్నాడు.

"బండి దేనికి వదినా, అంబాసిడర్ ఉండంగ. గా జపాన్ బండికి టైరు పోతే టైరు దొరుకది. నువ్వే ఏదన్న ఒక మాట అన్నకు చెప్పరాదు, సంవత్సరీకం నాడు."

"ఏం మాట?"

"ఏదన్న. నీ నోటెంబడి ఒక్క మాట వస్తే సాలు ఆయనకు."

నేను లోపలికి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. "రేపు లక్సెట్టిపేట పోదాం" అన్నాను.

"మనమా?"

"ఆయన చూసిన బండి ఏదో నాకు మంచిగ తెలుసు. నేను కూడ వస్త."

సంవత్సరం తిరగకముందు నేను గడప దాటడం ఏమిటని, కర్మలకు వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయిన లీలాబాయి అంటుందనుకున్నాను. ఆమె అనలేదు. "పచ్చి మంచినీళ్లు తాగకు ఆడ, లక్కడిపేట నీళ్లు మంచిగుండయి" అంది. ఆమె ఆ ఊరిని అలాగే పలుకుతుంది.

పొద్దున్నే బయల్దేరాం. హనుమండ్లు అంబాసిడర్ నడిపాడు, లింగారావు ముందు కూర్చున్నాడు, నేను వెనక. రాయపట్నం వంతెన మీద లారీ ఒకటి ఆగిపోతే అరగంట నిలబడ్డాం. కింద గోదావరి సన్నగా, ఇసుక మధ్య రెండు పాయలుగా ఉంది. లింగారావు నాణెం ఒకటి నీళ్లలోకి విసిరి చేతులు కళ్లకద్దుకున్నాడు. అది ఇసుకలో పడింది. అతను చూడలేదు.

సామిల్లు ఊరు దాటాక, రోడ్డు పక్కనే ఉంది. టేకు పొట్టు వాసన కారు ఆగకముందే వచ్చింది. ఓనరు బాలమల్లు లుంగీ మీద తెల్ల చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. ఒకప్పుడు ఎడ్లబండి మీద కలప తోలిన మనిషి, ఇప్పుడు రెండు రంపాలు నడిపిస్తున్నాడు. నన్ను చూసి చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు.

"పెద్ద దొర సంగతి విన్న అమ్మా. మూడుసార్లొచ్చిండు ఈడికి."

"మూడుసార్లా?" అన్నాడు లింగారావు.

"మూడుసార్లు. కొంట అనకపోతుండె, కొన అనకపోతుండె. అండ్ల కూసుండి సిగరెట్లు తాగి పోతుండె. ఒకనాడు నేనే చాయ్ బండ్లెకే పంపిన."

నాకు తెలిసింది ఒక్కసారే. తక్కిన రెండుసార్లు ఆయన మంచిర్యాల పని ఉందని చెప్పి వెళ్లి ఉంటాడు. అందులో నొచ్చుకోవాల్సింది ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

రేకుల షెడ్డు కింద రెండు బండ్లున్నాయి. ఒకటి తెల్లది, ఒకటి పచ్చది. తెల్లది కడిగి తుడిచి ఉంది, దాని అద్దంలో మా ముగ్గురి ముఖాలూ కనబడ్డాయి. పచ్చదాని మీద రంపపు పొట్టు ఒక దుప్పటిలా పరుచుకుని ఉంది.

బాలమల్లు తెల్లదాని తలుపు తీశాడు. "గిది చూడుండ్రి దొరా. నిరుడే ఇంజన్ ఇప్పి బిగిచ్చినం. ఏసీ నడుస్తది. చెయ్యి పెట్టి చూడుండ్రి."

లింగారావు చెయ్యి పెట్టి చూశాడు. లోపల కూర్చున్నాడు. సీటు మీద అరచేతితో తట్టాడు. అతని ముఖంలో మా ఆయన ముఖం ఒక్క క్షణం కనబడి పోయింది. "హనుమండ్లూ, మంచిగున్నది గదరా" అన్నాడు.

"బంగారం లెక్కున్నది దొరా."

"ఇదేనా వదినా?"

"కాదు. పచ్చది" అన్నాను.

బాలమల్లు తల గీరుకున్నాడు. "అమ్మా, అది వద్దు. నా బండి నేనే వద్దంటున్న. నాలుగు చక్రాలు తిరిగే రాడ్డు పట్టేసింది, ఏసీ సచ్చిపోయి రెండేండ్లు. దానికి స్టీరింగ్ గూడ ఎడమదిక్కున్నది, అమ్మిపోయిన ఇంజనీర్ల దేశం లెక్క."

హనుమండ్లు చుట్టూ తిరిగి వచ్చాడు. "ఎడమచేతి బండి నాతోని కాదు దొరా. ఎదురుంగ బస్సొస్తే ఎట్ల కనబడతది? నన్ను సంపుతరా ఏంది?"

"నువ్వు సచ్చేటోనివి గాదు తీ" అన్నాడు బాలమల్లు.

నేను పచ్చబండి తలుపు తీశాను. రెండోసారి లాగితే వచ్చింది. లోపల మఖమల్ సీట్లు నిజమే, ముదురు ఎరుపు, అంచుల్లో ఎలుకలు కొరికిన గుర్తులు. కాళ్ల కింది పట్టా ఎత్తి చూశాను. రేకును తుప్పు తినేసింది, అరచేయంత కంతలోంచి కింద నేల, నేల మీద పాకుతున్న గండుచీమలు కనబడ్డాయి. తలుపు కీలు ఒకటి విరిగితే ఇనుప తీగతో కట్టారు. క్యాసెట్లు పెట్టే డబ్బా ఉండాల్సిన చోట నాలుగు వైర్లు వేలాడుతున్నాయి. సిగరెట్ బూడిద పెట్టె లాగాను. నిండా ఉంది. ఆయన తాగే సిగరెట్లే, సగం దాకా తాగి నలిపేసినవి. ఆయన ఎప్పుడూ పూర్తిగా తాగేవాడు కాదు. పెట్టె మూసేశాను.

ఎడమవైపు స్టీరింగ్ ఉంది కాబట్టి కుడివైపు సీటు ఖాళీగా, ముందు అద్దమంతా దానిదే అన్నట్టు ఉంది. అందులో కూర్చున్నాను. అద్దం మీది పొట్టు సందుల్లోంచి ఎదురుగా టేకు దుంగలు, వాటి వెనక రోడ్డు కనబడుతున్నాయి. ఆయన ఇక్కడే కూర్చుని ఉంటాడు. ఏం చూశాడో నాకు తెలియలేదు.

లింగారావు వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బాలమల్లు వినకుండా గొంతు తగ్గించాడు.

"వదినా, తెల్లది తీసుకుందాం. అన్న చెప్పిన రంగు ఎవలకు యాదున్నది? నువ్వు తెల్లది అంటే తెల్లదే అయితది. ఎవలడుగుతరు?"

అతను చెప్పింది న్యాయమే. తెల్లది నడుస్తుంది. పచ్చది ఇంటి ముందు నిలబెట్టడానికి తప్ప పనికిరాదు. కానీ నేను ముందుకు చూశాను. రేపెప్పుడో ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గదు, లేదా బోరు ఎండిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు, పచ్చది అని కదా అన్నారు, తెల్లది ఎట్లా వచ్చింది అంటారు. మాట మళ్లీ తిరిగి నా దగ్గరికే వస్తుంది. మంకమ్మతోట దాకా వస్తుంది. ఏ సందూ లేకుండా మూసేయాలి.

"పచ్చదే" అన్నాను.

"దేనికి గింత పట్టు? నువ్వు పిట్టనే నమ్మవు. నాకు తెల్వదా?"

ఉన్నది చెప్పాను. చెబితే ఊరు విడిచే దారి మూసుకుపోవచ్చని తెలిసే చెప్పాను.

"దవాఖానల నన్ను ఊరు ఇడిసిపోవద్దన్నడు. నేను ఔననలే. పదో రోజు గూడ అనలే. నువ్వు బండి పేరు చెప్పినవు, బండితోని తీరిపోయింది. ఈ బండి రాకపోతే తీరదు."

రంపం దుంగను కోయడం మొదలుపెట్టింది. దుంగ రెండుగా పడింది. లింగారావు చేతిలో తలుపు కొద్దిగా కిందికి జారింది, తీగ కట్టిన వైపు. అతను దాన్ని ఎత్తి పట్టుకున్నాడు.

"నన్ను గూడ అడిగిండు" అన్నాడు.

"ఏమని?"

"మొదటి రోజే. నువ్వు ఇంటికాడికి బట్టలకు పోయినప్పుడు. వదినను పోనియ్యకురా అన్నడు."

"నువ్వేమన్నవు?"

అతను దుంగల వైపు చూశాడు. "నేనూ ఏమనలే. నువ్వు కరీంనగర్ మాట తీసినప్పుడల్లా నేను ఆ పక్క గదిలనే ఉంటి గదా, ఇన్నేండ్లు. ఏమనాలె నేను? ఔనని ఎట్లంట? పదోనాడు పిట్ట దిగకపోతే నా కోసమే కూసున్నది అనుకున్న. పరేషానై బండి పేరు తీసిన. నోట్లె గదే వచ్చింది."

నేను అతని వైపు చూడలేదు. అద్దం మీది పొట్టును లోపలి నుంచి వేలితో తుడవబోయాను. అది బయట ఉంది.

"మరి తొమ్మిది నెలలు ఎందుకు ఆపినవు?" అన్నాను.

"బండొస్తే నువ్వు పోతవని ఎరుకైంది. ఇల్లు ఎట్లుంటదో అని." బాలమల్లు వైపు తిరిగి గట్టిగా అన్నాడు, "పచ్చదే తీస్కుంటున్నం. కాగితాలు రాయించు."

"నా మీద కోపమేమన్న ఉన్నదా దొరా?" అన్నాడు బాలమల్లు. "రేపు మీరు బండి తెచ్చి నా ముఖాన కొడతరు."

"కొట్టం. నడుస్తే నడుస్తది, లేకుంటే లాగి పట్టుకపోతం."

"లాగుడే అయితది" అన్నాడు హనుమండ్లు. ఎవరూ నవ్వలేదు, ఒక్క బాలమల్లు తప్ప.

సామిల్లు ఆఫీసు ఒక చెక్క గది. గుమాస్తా బుచ్చిరాములు, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న ముసలాయన, ఫారాలు తీసి నెమ్మదిగా ఊది దుమ్ము దులిపాడు. నాకు ఒక స్టూలు వేశారు, అది ఎత్తుగా ఉండి నా పాదాలు నేలకు సరిగా ఆనలేదు. లింగారావు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎవల పేరు మీద రాయాలె దొరా?"

"అన్న పేరు మీద."

"పోయినోళ్ల పేరు మీద ఆర్టీవో ఆఫీసుల పట్టరు."

లింగారావు ఆలోచించాడు. "అయితే వదిన పేరు మీద రాయి. నా పేరు వద్దు."

బుచ్చిరాములు పెన్ను సిరాలో ముంచి నా పేరు అడిగాడు. చెప్పాను. దేవకీదేవి అని రాశాడు. దేవకి అని మాత్రమే రాయమన్నాను. కొట్టేసి రాశాడు. కొట్టేసిన చోట సంతకం కావాలన్నాడు, పెట్టాను.

"భర్త పేరు?"

"భూపాల్‌రావు."

"కీర్తిశేషులని రాయాలె గదమ్మా?"

"రాయి."

రాశాడు. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. గీత మీదనే కూర్చున్నాయి, ఒక్కటీ కిందికి జారలేదు. ఆయన గురించి అలా రాసి ఉండగా చూడటం అదే మొదటిసారి.

"నివాసం?" అన్నాడు.

గుమ్మం దగ్గర లింగారావు నీడ గదిలో సగం దాకా ఉంది. అది కదలలేదు. బయట రంపాలు రెండూ ఆగి ఉన్నాయి, కూలీలు అన్నాలకు కూర్చున్నట్టున్నారు. బుచ్చిరాములు పెన్ను పైకి పట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

"కరీంనగర్" అన్నాను.

"కరీంనగర్ జిల్లానా, సుల్తానాబాద్ కాడ మీ ఊరు గద దొర్సానీ?"

"కాదు. కరీంనగర్. మంకమ్మతోట." ఇంటి నంబరు చెప్పాను.

అతను రాసుకుని పైకి చదివాడు. "రెండు, బై, పదహారు."

"పందొమ్మిది" అన్నాడు లింగారావు గుమ్మంలోంచి. "పదహారు గాదు. రెండు బై పందొమ్మిది. సరిగ్గ రాయి, తాతా. రేపు ఆఫీసు నుంచి చిట్టీ వస్తే ఆ ఇంటికే రావాలె."

బుచ్చిరాములు ఆరును తొమ్మిది చేయబోయి, అది కుదరక, కొట్టేసి మళ్లీ రాశాడు. కొట్టేసిన చోట మళ్లీ సంతకం పెట్టాను. సిరా ఆరేదాకా ఊదాడు. కాగితం నా వైపు తిప్పి కింద చూపించాడు. అక్కడా పెట్టాను.

నాకు సంతోషం వస్తుందేమోనని కాస్త ఆగాను. లింగారావు కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. బయట హనుమండ్లు పచ్చబండిని స్టార్టు చేయాలని చూస్తున్నాడు, అది గురగురమని ఆగిపోతోంది, బాలమల్లు ఏదో తిడుతున్నాడు. నేను స్టూలు మీంచి దిగబోయాను. పాదాలు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి. నేల తగిలింది గానీ తగిలినట్టు తెలియలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"కూసో వదినా జర" అన్నాడు లింగారావు. "తొందరేమున్నది."

నేను కూర్చోలేదు.